పాలపండ్లు - పసివాని ఏడుపు

ఆరేడు మాసముల బిడ్డ గుక్కపట్టి ఏడ్చుచున్నపుడు ఇంటిలోని పెద్దలు మొదట చెప్పెడి మాట ఒక్కటే: "పళ్ళొస్తున్నాయి, అంతే!" ఈ మాటలో నిజము కొంత కలదు. కాని అది బిడ్డను ఓదార్చుటకంటె పెద్దలను ఓదార్చుటకే ఎక్కువగా ఉపయోగపడుచున్నదని మా అభిప్రాయము. జ్వరము వచ్చినను పండ్లే, విరేచనములైనను పండ్లే, వాంతులైనను పండ్లే అని సరిపెట్టుకొన్నచో అసలు వ్యాధి దాగియుండును; వైద్యము ఆలస్యమగును. కనుక పండ్లు బిడ్డను ఎంతవరకు బాధించును, ఎచ్చట ఆ మాటను నమ్మరాదు, ఏడ్చు బిడ్డను ఓదార్చుట ఎట్లు అను మూడు విషయములను ఇచ్చట విచారింతము.

పాలపండ్లు ఆరవ మాసమున హఠాత్తుగా పుట్టునవి కావు. బిడ్డ తల్లి గర్భమున ఉండగనే వాని మొలకలు దవడలలో ఏర్పడును. అవి మెల్లగా పెరిగి చిగురును దాటి పైకి వచ్చును. సాధారణముగా క్రింది దవడ నడుమ నుండు రెండు పండ్లు ఆరవ మాసము ప్రాంతమున ముందు కనబడును. కొందరికి నాలుగవ మాసముననే రావచ్చును. కొందరికి ఏడాది నిండు వరకు రాకపోవచ్చును. మూడేండ్లు నిండునప్పటికి మొత్తము 20 పాలపండ్లు వచ్చును. పై పండ్లు ముందు వచ్చినచో మేనమామకు గండమని మన ప్రాంతమున ఒక నమ్మకము కలదు. మేనమామలు నిశ్చింతగా ఉండవచ్చును. పండ్లు వచ్చు వరుస బిడ్డ బిడ్డకును మారును. అందులో శుభాశుభములేమియు లేవు.

ఇక బాధ సంగతి. అమెరికాలో క్లీవ్‌లాండు నగర వైద్యులు 125 మంది బిడ్డల తల్లిదండ్రులచే ప్రతిదినము వివరములు వ్రాయించి, 475 పండ్లు వచ్చిన తీరును పరిశీలించి, 2000 సంవత్సరమున ఫలితములు ప్రకటించిరి. పన్ను బయటపడుటకు ముందు నాలుగు దినములు, ఆ దినము, తరువాత మూడు దినములు, అనగా ఎనిమిది దినములు మాత్రమే బిడ్డకు కొంత ఇబ్బంది ఉండునని వారు కనుగొనిరి. ఆ దినములలో చొంగ కార్చుట, కనబడిన దానినెల్ల కొరుకుట, చిగుళ్ళు రుద్దుకొనుట, చిరాకు, గట్టి ఆహారమునందు అయిష్టత, ఒడలు కొద్దిగా వెచ్చబడుట కనబడినవి. దగ్గు, వాంతులు, నీళ్ళ విరేచనములు, 102 డిగ్రీల ఫారన్‌హీటుకు మించిన జ్వరము - వీనికిని పండ్లకును సంబంధము కనబడలేదు. పైగా ఏ ఒక్క లక్షణమును నూటికి 35 మంది బిడ్డలకు మించి కనబడలేదు. అనగా బిడ్డను చూచి, రేపు పన్ను వచ్చునని నిశ్చయముగా చెప్పుట వైద్యునకు సైతము సాధ్యము కాదన్నమాట.

అట్లయినచో పండ్లు వచ్చు వయస్సుననే విరేచనములు, జ్వరములు ఎక్కువగా ఏల వచ్చుచున్నవి? కారణము దూరమున లేదు. తల్లి గర్భమునుండి బిడ్డ తెచ్చుకొన్న రోగనిరోధకశక్తి ఆరవ మాసము నాటికి తగ్గిపోవుచుండును. అప్పుడే అన్నప్రాశన జరుగును. పాలు మాత్రమే త్రాగిన బిడ్డకు గిన్నెలు, చెంచాలు, నీళ్ళు పరిచయమగును. అప్పుడే బిడ్డ నేలమీద ప్రాకుట మొదలిడి, దొరికిన వస్తువునెల్ల నోట పెట్టుకొనును. ఇవన్నియు పండ్లు వచ్చు కాలముననే జరుగును. రోగమును తెచ్చినవి చేతులును నీళ్ళును. నింద మోసినవి పండ్లు!

ఈ నింద మన ఊళ్ళకే పరిమితమైనది కాదు. 1842లో లండను నగరమున ఏడాది లోపు మరణించిన శిశువులలో నూటికి సుమారు 5 మంది మరణమునకు పండ్లు వచ్చుటయే కారణమని ప్రభుత్వ లెక్కలలో వ్రాసిరి. ఇంగ్లండున పండ్లు వచ్చు బిడ్డల కొఱకు అమ్మిన చూర్ణములలో పాదరస లవణము ఉండెడిది. దానివలన చేతులు, కాళ్ళు ఎఱ్ఱబడి, బిడ్డలు బాధతో కృశించెడివారు. 1950ల నడుమ ఆ చూర్ణములు అంగళ్ళనుండి తొలగిన పిమ్మట ఆ వ్యాధియు అరుదైపోయెను. అమెరికాలో 1849లో అమ్మకమునకు వచ్చిన విన్‌స్లో సిరప్పులో మార్ఫీను ఉండెను. మన దేశమున బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు తల్లులు 1920 ప్రాంతమున బిడ్డలకు నల్లమందు కలిసిన 'బాల గోలీ'లను వేసి పనికి పోయెడివారు. ఆ తల్లులు బిడ్డలయందు ప్రేమ లేనివారు కారు. బిడ్డ ఏడ్చినచో పని సాగదు; పని సాగనిచో కూలి రాదు. బిడ్డను నిద్రపుచ్చు మందునకు గిరాకి కల్పించినది అజ్ఞానము మాత్రమే కాదు, బీదరికము కూడ.

కూలికి పోవు తల్లుల సంగతి వచ్చినది గనుక, గుంటూరు సీమకు ప్రత్యేకమైన ఒక విషయమును చెప్పవలసియున్నది. మిరపకాయ కోతలనాడు వేలాది స్త్రీలు చేలలోను, కల్లములలోను పనిచేయుదురు. యార్డు వద్దను, శీతల గిడ్డంగుల వద్దను కూర్చుండి తొడిమలు తీయుదురు. సాయంకాలము ఇంటికి వచ్చి, చేతులు నీళ్ళతో కడుగుకొని బిడ్డను ఎత్తుకొందురు. ఏడ్చుచున్నాడని చిగుళ్ళు వ్రేలితో రుద్దుదురు. బిడ్డ ఇంకను బిగ్గరగా ఏడ్చును. మిరపకు ఘాటు నిచ్చు కాప్సైసిన్ అను పదార్థము నీళ్ళలో కరగదు, నూనెలో కరగును. కనుక ముందుగా చేతులకు వంటనూనె పట్టించి, గోళ్ళ సందులలో కూడ రుద్ది, పిదప సబ్బుతో రెండు మూడు మార్లు కడుగవలెను. పని చీర మార్చుకొన్న తరువాతనే బిడ్డకు పాలీయవలెను. ప్రత్తి చేలకు పురుగుమందు చల్లివచ్చిన పురుషులు స్నానము చేసి, బట్టలు మార్చుకొననిదే బిడ్డను ముట్టరాదు. బిడ్డ నోటికి కారము తగిలినచో శుభ్రమైన తడిగుడ్డతో తుడిచి చనుబాలు పట్టవలెను; పాలలోని మాంసకృత్తులు ఆ మంటను తగ్గించును. కంటికి తగిలినచో శుభ్రమైన నీటితో చాలసేపు కడిగి వైద్యునకు చూపవలెను.

నిజముగా చిగుళ్ళ బాధయే అయినచో ఉపశమనము సులభము. శుభ్రమైన వ్రేలితో చిగురును మెల్లగా అదిమి రుద్దుడు. మెత్తని గుడ్డను కాచి చల్లార్చిన నీటిలో తడిపి, ఫ్రిజ్జులో కొంతసేపు ఉంచి, మీరు దగ్గర నుండి కొరుకనీయుడు. రబ్బరు వలయమునైనను చల్లబరచి ఈయవచ్చును, మంచుగడ్డవలె గట్టిపడనీయరాదు. గడ్డము క్రింద చొంగ తుడుచుచుండుడు. చనుబాలు తరచుగా ఈయుడు. ఎత్తుకొని తిరుగుట, జోకొట్టుట, లాలిపాట - ఇవి ఖర్చు లేని మందులు. ఇల్లు నిశ్శబ్దముగా నుండుట కూడ బిడ్డకు హాయి. రేడియో కేంద్రమువారు చెప్పుట వింతగా తోచినను, అప్పుడు మా గొంతును కూడ తగ్గించుడు!

పారాసిటమాలు ఈయవలసివచ్చినచో బిడ్డ బరువును బట్టి వైద్యుడు చెప్పిన మోతాదే ఈయవలెను. చుక్కల మందు వేరు, సిరప్పు వేరు. వాని గాఢతలు వేరు గనుక చెంచా లెక్క ప్రమాదకరము. చిగుళ్ళకు తిమ్మిరి కలిగించు బెంజోకెయిన్ లేపనములు రెండేండ్ల లోపు బిడ్డలకు వాడరాదని 2011లోను, మరల 2018లోను అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించినది. రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని అవి తగ్గింపవచ్చును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. వస అరగదీసి పోయుట మానుట మేలు. మెడలో పూసల దండలు వలదు. అవి తెగి గొంతున అడ్డుపడవచ్చును.

ఎంత ఓదార్చినను ఏడుపు ఆగనిచో బట్టలు విప్పి, తలనుండి కాలివ్రేళ్ళ వరకు చూడుడు. చీమ కుట్టినదా? చెమటకాయలు పేలినవా? తొడల సందున ఒరసినదా? చెవి ముట్టుకొన్నచో ఏడ్చుచున్నదా? వెండ్రుకయో దారమో కాలివ్రేలికి చుట్టుకొని బిగిసినదా? గజ్జలలో గట్టి వాపు ఉన్నదా? చివరి మూడింటిలో ఏది కనబడినను వైద్యునకు చూపవలెను. దారము బిగిసిన వ్రేలు, గజ్జలలో గట్టి వాపు అయినచో గడియ కూడ ఆలస్యము కూడదు.

ముఖ్యముగా ఒక వ్యాధిని గుర్తుంచుకొనవలెను. ప్రేగులో ఒక భాగము మరియొక భాగములోనికి దూరి చిక్కుకొనుట సరిగా ఈ పండ్లు వచ్చు వయస్సుననే ఎక్కువగా సంభవించును. బిడ్డ మోకాళ్ళు ముడుచుకొని, ఉండియుండి కెవ్వున ఏడ్చును; నడుమ నడుమ వాడి, పాలిపోయియుండును; వాంతులగును; చివరకు విరేచనమున ఎఱ్ఱని బంకవంటి రక్తము పడును. రక్తము పడువరకు వేచియుండరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చినచో పెక్కు మందికి శస్త్రచికిత్స లేకుండగనే నయమగును. 'పళ్ళొస్తున్నాయి' అని ఒక రాత్రి ఊరకుండుట ప్రాణమునకే ముప్పు కావచ్చును.

విరేచనములు పట్టుకొన్నచో చనుబాలు ఆపకుడు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిపై వ్రాసిన కొలత ప్రకారము కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచా చెంచాగా పట్టుడు. 24 గంటలు దాటినచో పారబోయుడు. పేరు చూచి మోసపోకుడు. తియ్యని పానీయములపై ఓ.ఆర్.ఎస్. అను పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశించినది. హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి చేసిన పోరాటము దీనికి వెనుక నున్నది. కనులు లోతుకు పోవుట, మూత్రము తగ్గుట, పాలు త్రాగలేకపోవుట, మత్తుగా పడియుండుట, ఎగశ్వాస, మూర్ఛ, 102 డిగ్రీలు దాటిన జ్వరము - వీనిలో ఏది కనబడినను ఆసుపత్రికి పోవలెను. వాహనము లేనివారు 108కి ఫోను చేయవచ్చును. మూడు మాసములు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరమే అత్యవసరము.

తల్లికి ఒక మాట. ఏడుపు వినివిని ఓర్పు నశించుట నేరము కాదు. అట్టి క్షణమున బిడ్డను ఎన్నడును కుదుపరాదు. లేత మెదడునకు దెబ్బ తగులును. బిడ్డను భద్రమైన చోట వెల్లకిల పరుండబెట్టి, కొద్ది నిమిషములు ప్రక్కకు పోయి ఊపిరి పీల్చుకొనుడు. తండ్రిని గాని, అత్తగారిని గాని, పొరుగింటివారిని గాని పిలువుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. మాటలు రాని బిడ్డకు అడుగుటకు ఏడుపొక్కటే సాధనము. దానికి పన్ను అని పేరు పెట్టుటకు ముందు, బిడ్డ ఏమి అడుగుచున్నదో ఒక్కమారు వెదకి చూచుట ఇంటిల్లిపాది బాధ్యత.