పట్టణ ప్రాంత నిర్వచనం - సరూర్‌నగర్ ఉదాహరణ

నగర శివార్లలోని వ్యవసాయాన్ని అంచనా వేయడంలో ఒక ప్రాంతం గ్రామమా, పట్టణమా అన్న నిర్ణయం కీలకమైనది. భారత జనగణన పట్టణాలను రెండు విధాలుగా గుర్తిస్తుంది. పురపాలక సంఘం, నగరపాలక సంస్థ, కంటోన్మెంట్ బోర్డు వంటివి గల ప్రాంతాలు చట్టబద్ధ పట్టణాలు. మిగిలిన వాటిలో కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 జనసాంద్రత ఉండి, ప్రధాన శ్రామికులైన పురుషులలో కనీసం 75 శాతం వ్యవసాయేతర వృత్తులలో ఉన్నవి జనగణన పట్టణాలు. పాలనాపరంగా ఇవి గ్రామ పంచాయతీలుగానే కొనసాగవచ్చు.

సరూర్‌నగర్ పరిసరాలలోని ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. పురపాలక హోదా మూలంగా అవి అంతకు ముందే చట్టబద్ధ పట్టణాలు. ఇటువంటి పట్టణాలకు పై మూడు షరతులు వర్తించవు. పరిధిలో సాగు భూమి మిగిలి ఉన్నా అది పట్టణంగానే లెక్కకు వస్తుంది.

వృత్తి షరతు పురుషులకే పరిమితం. పురుషులు నగరంలో పనులకు వెళ్లగా స్త్రీలు సాగు కొనసాగించే శివారు గ్రామం కూడా తక్కిన షరతులు నెరవేరితే పట్టణమే అవుతుంది. కనుక కూరగాయల సాగు, పశుపోషణలకు ప్రణాళికలు రూపొందించేవారు ఈ విభజనతో సరిపెట్టక, సాగు విస్తీర్ణాన్ని, స్త్రీ శ్రామికుల వివరాలను విడిగా పరిశీలించడం అవసరం.