ఆర్వో మిషన్ నీళ్లు ఎందుకు పారబోస్తుంది?

ఆర్వో నడుస్తుంటే సన్న గొట్టంలోంచి సింకులోకి నీళ్లు కారుతుంటాయి. చెడిపోయిందనుకోకండి, దాని పనే అంత. లోపల చుట్టచుట్టిన పల్చటి పొర ఉంటుంది. పంపు గట్టిగా నెడితే నీరు అందులోంచి దూరిపోతుంది. కరిగిన లవణాలు, ఫ్లోరైడ్ చాలావరకు ఇవతలే ఆగుతాయి. వాటిని కడిగేయకపోతే పొర పూడుకుపోతుంది. ఆ కడిగిన నీళ్లే అవి! బకెట్‌లో పట్టి ఇల్లు తుడవొచ్చు.

నల్గొండలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మరిగిస్తే పోదు సరికదా, ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఆర్వో పనికొస్తుంది. ఫ్లోరైడ్ బెడద లేని, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే లవణాలున్న తేటనీటికి మామూలుగా యూవీ ఫిల్టర్ చాలు. కొనేముందు నీళ్లు పరీక్ష చేయించండి. అమ్మేవాళ్లు ఎలాగూ ఖరీదైనదే చూపిస్తారు. బిగించాక మొదటి ట్యాంకు నీళ్లు తాగొద్దు, లోపలి కొత్త కార్బన్ ఫిల్టర్ పొడి అందులో వచ్చేస్తుంది.