వెంట్రుకలో పదోవంతు గొట్టాన్ని కొలిచేదెలా?

ప్రశ్న: అతి సన్నని రక్తనాళాల వెడల్పును ఎలా కొలుస్తారు? ఎందుకు కొలుస్తారు?

జవాబు: ధమనులను సిరలతో కలిపే ఈ గొట్టాలను రక్తకేశనాళికలు అంటారు. పేరులో కేశం ఉన్నా, వెంట్రుక మందంలో ఇవి దాదాపు పదోవంతే. వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఎర్రరక్తకణమే 7-8 మైక్రాన్లుంటుంది కాబట్టి, ఇరుకైన చోట అది ఒళ్లు ముడుచుకుని దూరాల్సిందే. ఇటలీకి చెందిన మాల్పీజీ 1661లోనే కప్ప ఊపిరితిత్తుల్లో వీటిని చూశాడు. అయితే చూడటం వేరు, కొలవడం వేరు.

ఉదాహరణకు ఎలుక మెదడును తీసుకుందాం. ముందు రక్తంలోకి మెరిసే రంగు ఎక్కిస్తారు. మైక్రోస్కోపు చూపును పైనుంచి లోపలికి కొద్దికొద్దిగా దించుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఒక ఫొటో తీస్తారు. ఆ ఫొటోలను కంప్యూటరు ఒకదానిపై ఒకటి పేరిస్తే లోతున్న బొమ్మ తయారవుతుంది. అందులోని ఒక్కో చుక్కను వోక్సెల్ అంటారు.

ఇప్పుడు ఏ చుక్క నాళానిదో, ఏది కాదో తేల్చాలి. ఇంత వెలుగు దాటితే నాళం అని ఒక గీత గీస్తారు. తర్వాత, అరటి బోదె పొరలు ఒలుస్తూపోతే చివరికి దవ్వ మిగిలినట్టు, నాళాన్ని అన్ని వైపులా చెక్కుకుంటూ పోయి నడిమి గీతను మిగుల్చుతారు. ఆ గీత నుంచి దగ్గరి గోడకు ఉన్న దూరాన్ని రెట్టింపు చేస్తే వెడల్పు. గీత పొడవే నాళం పొడవు. గీతలు చీలేచోట్లు కొమ్మలు.

చిక్కు ఎక్కడంటే, మైక్రోస్కోపుకు అడ్డంగా ఉన్నంత స్పష్టత లోతులో ఉండదు. గుండ్రని నాళం నిలబెట్టిన గుడ్డులా సాగి కనిపిస్తుంది. అందుకే ముందుగా, కొలత తెలిసిన మెరిసే పూసలను ఫొటో తీసి, ఎంత సాగుతోందో చూసుకుని సరిదిద్దుతారు. ఇంకో చిక్కు, నాళమని తేల్చే ఆ వెలుగు గీతను కాస్త దించినా నాళం లావైపోతుంది.

ఇంత చిన్న తేడాకు అంత పట్టింపు ఎందుకు? గొట్టంలో ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వెడల్పు 10 శాతం తగ్గితే, మిగతావన్నీ మారకపోయినా ప్రవాహం సుమారు 34 శాతం పడిపోతుంది. కణాలు గోడలకు రాసుకుంటూ వెళ్లే కేశనాళికల్లో ఈ లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు కానీ, ఇరుకు మాత్రం అక్కడా భారమే. క్యాన్సర్ గడ్డల్లో నాళాలు వంకరటింకరగా పెరుగుతాయి. మధుమేహం కంటి రెటీనాలో కొన్నింటిని మూసేస్తుంది. ఈ మార్పులను అంకెల్లో పట్టుకోవడానికే ఇంత శ్రమ.

కాబట్టి కేశనాళిక వెడల్పు ఇంత అని ఎవరైనా చెబితే, అంచును ఏ వెలుగు దగ్గర గీశారని కూడా అడగాలి. ఆ జవాబు లేని అంకె సగం కొలతే.