టైలు క్రింద ఏమి ఉండవలెను?

స్నానపుగది నేలను చూచువారు సాధారణముగా టైళ్ళ రంగును, నునుపును గమనింతురు. కాని ఆ నేల ఎంతకాలము నిలుచునో నిర్ణయించునది పైకి కనిపించు టైలు కాదు. దాని క్రింద మరుగుపడియున్న పొర. దానిని అడుగునేల అనవచ్చును. టైలు గట్టిదే గాని పెళుసైనది. నిండుగా ఆనిక ఉన్నచో ఎంతో బరువును మోయును. ఆనిక కొంచెము వంగినచో పగులును. కావున అడుగునేలకు మూడు గుణములు కావలెను: అది వంగరాదు, తడికి ఉబ్బరాదు, క్రింది కప్పునకు అనవసరపు బరువు కారాదు.

టైళ్ళు పరచిన నేలలోనికి నీరు దిగదని చాలమంది తలంతురు. ఇది పొరపాటు. విట్రిఫైడు టైలు తన బరువులో నూటికి అరపాలు కంటె ఎక్కువ నీటిని పీల్చదన్నమాట నిజమే. కాని టైళ్ళ సందులలో నింపు సిమెంటులో కంటికి కనబడని సన్నని రంధ్రములుండును. కేశనాళికా చర్యవలన నీరు వాటిగుండ లోనికి పాకును. నేలను కడుగుటకు హైడ్రోక్లోరికామ్లము వాడినచో, అది సిమెంటులోని కాల్షియము సమ్మేళనములను కరగించి ఆ దారిని మరింత వెడల్పు చేయును. అనగా అడుగునేలకు నేడో రేపో తడి తగులక మానదు. ఏ పదార్థమును ఎన్నుకొనినను ఈ సంగతిని మరువరాదు.

అమెరికా, కెనడా దేశములలో ఇండ్లు చాలవరకు కర్రతో కట్టినవి. అక్కడ సుమారు 40 సెంటీమీటర్ల ఎడముతో దూలములు పరచి, వానిపై ప్లైవుడ్డు బిగింతురు. పచ్చికర్ర పూర్తిగా ఎండునపుడు పొడవున వెయ్యింట ఒకటి రెండు పాళ్ళు మాత్రమే కుంచించుకొనును. అడ్డముగా నూటికి 5 నుండి 10 పాళ్ళవరకు కుంచించుకొనవచ్చును. తడిసినపుడు తిరిగి అట్లే ఉబ్బును. ప్లైవుడ్డులో పలుచని కర్రపొరలను ఒకదాని పోగులు మరొకదానికి అడ్డముగా వచ్చునట్లు అంటింతురు గనుక, ఒక పొర ఉబ్బును రెండవ పొర అరికట్టును. కర్రపొట్టును జిగురుతో అదిమిన పలకలకు ఈ రక్షణ లేదు. అవి తడిసి ఉబ్బినచో ఎండిన తరువాతను పూర్వస్థితికి రావు. కావున స్నానపుగదికి అవి పనికిరావు.

ప్లైవుడ్డుపై సిమెంటు పలకను పరచి దానిపై టైళ్ళు అతికించుట అక్కడ వాడుక. గాజుపోగుల వలతో బలపరచిన ఈ పలక తడిసినను కుళ్ళదు. కాని అది నీటిని ఆపదు. ఆపుటకు వేరొక పొర వేయవలెను. అది నేల బిగువును కూడ పెద్దగా పెంచదు. ఆ బిగువు దూలములనుండియే రావలెను. బరువు పడినపుడు దూలపు వంగుడు దాని పొడవులో 360వ వంతుకు మించరాదని నియమము. 3.6 మీటర్ల దూలము 1 సెంటీమీటరుకంటె ఎక్కువ వంగరాదన్నమాట. దూలపు బిగువు దాని ఎత్తు ఘనమును అనుసరించి పెరుగును. ఎత్తు రెట్టింపయినచో బిగువు ఎనిమిది రెట్లగును.

తెలుగునాట నేడు కట్టు ఇండ్లలో సమస్య వేరు. కాంక్రీటు స్లాబు వంగుట తక్కువ. కాని పై అంతస్తులలో మురుగు గొట్టములను దాచుటకై స్నానపుగది స్లాబును సుమారు 30 సెంటీమీటర్లు దించి పోయుదురు. ఆ గోతిని దేనితో నింపవలెను? 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు గల గదిలో గోతి పరిమాణము 0.9 ఘనమీటరు. ఘనమీటరు పొడి ఇసుక బరువు సుమారు 1600 కి.గ్రా. కావున గోతి నిండ 1440 కి.గ్రా. ఇసుక పట్టును. స్నానపుగదిలో మనుష్యులకు, సామానుకు ఇంజనీర్లు లెక్కించు భారము చదరపు మీటరుకు సుమారు 200 కి.గ్రా., అనగా ఈ గదికి 600 కి.గ్రా. మాత్రమే. ఇసుకలో నూటికి 35 పాళ్ళు ఖాళీ ఉన్నదనుకొన్నచో, నీరు దిగినపుడు మరి 315 లీటర్లు అందులో నిలుచును. నేలక్రింద కనబడని తొట్టి ఒకటి ఏర్పడినట్లే.

గాలిబుడగలతో చేసిన తేలిక కాంక్రీటు ఘనమీటరుకు సుమారు 600 కి.గ్రా. మాత్రమే తూగును, గోతికి 540 కి.గ్రా. చాలును. కాని అదియు నీటిని పీల్చును. ఇటుక ముక్కలును అంతే. బొగ్గు చిట్టెము తేలికయే గాని, అందులోని గంధకపు సమ్మేళనములు తడితో కలిసి ఇనుమును తినివేయును. నీటిని ఆపకుండ ఏ పదార్థమును నింపినను ఫలము లేదు. నీరు స్లాబులోని ఇనుప చువ్వలను చేరినచో త్రుప్పు పుట్టును. త్రుప్పు ఇనుముకంటె రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. ఆ పెచ్చులు ఊడిపడునది క్రింది ఇంటివారి తలలపైననే.

అందువలన పని వరుస ముఖ్యము. మొదట గోతి అడుగునకు, ప్రక్కలకు నీటినాపు పూత వేసి, గొట్టములు బిగించి, వాని చుట్టునున్న సందులను మూయవలెను. తరువాత గోతిలో నీరు నిలిపి కనీసము 24 గంటలు క్రింది కప్పును గమనింపవలెను. చెమ్మ కనబడనిచో తేలిక పదార్థము నింపి, పైన కాంక్రీటు పొర పోసి, మీటరుకు 1 సెంటీమీటరు చొప్పున తూమువైపు వాటము ఇవ్వవలెను. ఆ పొరపైనను పూత వేసిన పిదపనే టైళ్ళు పరచవలెను. టైలు క్రింద సిమెంటు నిండుగా లేనిచోట కర్రపిడితో తట్టినచో డొల్లశబ్దము వచ్చును. అటువంటి టైలును వెంటనే తీసి మరల వేయింపవలెను.

ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. ఇటుక, ప్లైవుడ్డు, విట్రిఫైడు టైలు ముక్కలను ఎండబెట్టి, తూచి, మందములు కొలిచి, 24 గంటలు నీట నానవేసి, తుడిచి మరల తూచి కొలువవలెను. భారత ప్రమాణము ప్రకారము సామాన్యపు ఇటుక నూటికి 20 పాళ్ళకు మించి నీరు పీల్చరాదు. ఏ ముక్క ఎంత త్రాగినదో, ఏది ఎంత ఉబ్బినదో పట్టికగా వ్రాసిన విద్యార్థికి, టైలుకంటె దాని అడుగునకు ఎక్కువ శ్రద్ధ ఎందుకు కావలెనో వేరుగా చెప్పవలసిన పని ఉండదు.