ఇంటి పాటకు తగిన మైక్రోఫోను

మన యిండ్లలో పెద్దలు పాడు మంగళహారతులు, లాలిపాటలు, మేలుకొలుపులు పెక్కింటికి అచ్చుపుస్తకము లేదు. పాడువారి గొంతుతోనే అవియు అంతరించును. కావున వానిని ఇంటనే రికార్డు చేసి దాచుకొనగోరి, ఎట్టి మైకు కొనవలెనని నన్నడుగువారు కలరు. వారు మొదట వెల నడుగుదురు. నేను మొదట గది నడుగుదును.

మైకులలో ముఖ్యముగా రెండు తెగలు. డైనమిక్ మైకులో పలుచని పొరకు చిన్న తీగచుట్ట అంటియుండును. పాటకు పొర కదలగా, అయస్కాంతపు నడుమ చుట్టయు కదలి విద్యుత్తును పుట్టించును. 1966లో ష్యూర్ వారు వెలువరించిన ఎస్.ఎం. 58 ఈ తెగలోనిదే. రెండవది కండెన్సరు, దీనిని 1916లో అమెరికాలో ఇ. సి. వెంటె నిర్మించెను. ఇందు పొరకును, దాని వెనుకనున్న లోహపు పలకకును నడుమ ఎడము మారుటచే ధ్వని విద్యుద్రూపము దాల్చును. స్టూడియో కండెన్సరులు పెక్కింటికి 48 వోల్టుల విద్యుత్తును తీగవెంట అందింపవలెను.

కండెన్సరు సూక్ష్మగ్రాహి, పాడువారి యూపిరి సైతము వినబడును. అంగడివారు దీనినే పొగడుదురు. స్టూడియోలో అది గుణమే. మన యింట నున్నని గోడలు, గచ్చునేల, పైన పంకా, పెరటిలో కాకులు! వీనినన్నిటిని అది అంతే శ్రద్ధతో పట్టును. ప్రతిధ్వని పాటలో కలిసినపిమ్మట, పాట చెడకుండ దానిని విడదీయుట కష్టము.

అందుచే సామాన్యపు గదికి డైనమిక్ మైకే మేలని నా యభిప్రాయము. దాని మహిమ యెల్ల నోటిచెంత నుంచుటలో నున్నది. దూరము సగమైనచో మైకుపై పడు పాట యొత్తిడి రెండింతలగును. గది ప్రతిధ్వని మాత్రము పెరుగదు. బెత్తెడు దూరము చాలును. అంతకన్న దగ్గరైన మంద్రస్వరము అధికమై గొంతు బొంగురు వినబడును. ప, భ వంటి యక్షరములకు వెడలు గాలి తగులకుండ మైకు నించుక ప్రక్కకు జరిపి, నురుగు తొడుగు వేయవలెను. ముందువైపు ధ్వనినే యెక్కువగా గ్రహించు కార్డియాయిడ్ రకము నేరి, దాని వీపును వీధివైపు త్రిప్పుడు. కంప్యూటరునకు నేరుగా తగిలింపదలచువారు యు.ఎస్.బి. మైకు కొనవచ్చును.

పాడువారు మిక్కిలి వృద్ధులై, గొంతు సన్నగిలి, నోటియొద్ద మైకున్న బెదరువారైనచో మాట వేఱు. అప్పుడు కండెన్సరే తగును. గోడలకు బొంతలు వ్రేలాడగట్టి, పరుపుల నడుమ వారిని కూర్చుండబెట్టుడు.

మైకు వచ్చులోగా చేతిలోని ఫోనునే బెత్తెడు దూరమున నుంచి రెండు మూడు పాటలు పట్టియుంచుడు. పంకా మాత్రము ఆపించుడు.