ప్రభుత్వ సొమ్ముతో కొనే వస్తువు - దాని వెనుక పనిచేసే ఉద్యోగి



మనం ప్రభుత్వ ఆసుపత్రికి పోతాము. డాక్టరుగారు చీటీ రాసిస్తారు. కిటికీ దగ్గర వరుసలో నిలబడితే మాత్రలు ఇస్తారు. డబ్బు అడగరు. ఒక్కొక్కనాడు మాత్రం "ఈ మందు అయిపోయింది, బయట అంగడిలో కొనుక్కోండి" అంటారు. కూలి మానుకుని వచ్చిన మనిషికి ఆ మాట ఎంత బరువో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మందు ఉన్న రోజుకూ, లేని రోజుకూ తేడా ఎక్కడ పుడుతుంది? సర్కారు దగ్గర డబ్బు లేక అని మనం అనుకుంటాము. అదీ ఒక కారణమే. కాని డబ్బు ఉండి కూడా మందు లేని రోజులు ఉంటాయి. అప్పుడు తేడా ఎక్కడో ఒక కార్యాలయంలో, ఒక ఫైలులో పుట్టి ఉంటుంది. ఆ ఫైలు చూసే ఉద్యోగిని గురించి ఈనాడు నాలుగు మాటలు చెప్పుకుందాము.

అమెరికా ప్రభుత్వ కార్యాలయాలలో ఈ పనికి 'అక్విజిషన్ ప్రోగ్రాం ఎనలిస్టు' అని ప్రత్యేకంగా ఒక పేరు ఉంది. అంటే ప్రభుత్వం ఏమి కొనాలి, ఎంత కొనాలి, ఎప్పుడు కొనాలి, కొన్నది సరిగా వచ్చిందా లేదా అని లెక్కలు వేసి పై అధికారికి చెప్పే ఉద్యోగి. మన దేశంలో ఈ పని ఒకే పేరుతో ఉండదు. ఒకచోట కొనుగోలు విభాగం అంటారు, ఒకచోట స్టోర్సు అంటారు, ఇంకొకచోట లెక్కల శాఖలోని గుమాస్తాయే ఈ పని చేస్తాడు. పేరు ఏదైనా పని ఒక్కటే.

ఆ పనిలోని కిటుకు నాకు పుస్తకం చదివి తెలియలేదు. నష్టపోయి తెలిసింది. సుమారు పదేళ్ళ కిందట మా బడికి బెంచీలు కొనవలసి వచ్చింది. కొనుగోలు కమిటీలో నేనూ ఒకణ్ణి. 'కొయ్య బెంచీ, పొడవు 5 అడుగులు' అని కాగితం రాసి, మూడు చోట్ల ధరలు అడిగి తెప్పించాము. అందరికంటే తక్కువ చెప్పినవారికి ఆర్డరు ఇచ్చాము. నియమం ప్రకారమే చేశామని సంతోషించాము. రెండో వానకాలం వచ్చేసరికి బెంచీల కాళ్ళు ఊగాయి, పలకలు పగిలాయి. పిల్లలు మళ్ళీ నేల మీద కూర్చున్నారు. అమ్మినవారిని అడిగితే, "సార్, మీ కాగితంలో కొయ్య అన్నారు, కొయ్యే ఇచ్చాను. ఏ కొయ్య అన్నారా? ఎంత మందం అన్నారా?" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. తప్పు ఆయన అంగడిలో జరగలేదు. మేము రాసిన కాగితంలోనే జరిగింది.

కొనడం అనేది డబ్బు ఇచ్చే రోజున మొదలయ్యే పని కాదు. మనకు ఏమి కావాలో తెలుసుకుని, దాన్ని స్పష్టంగా రాసే రోజున మొదలవుతుంది. తక్కువ ధర మంచిదే. కాని దేనికి తక్కువ ధర? అది ముందే రాసి ఉండకపోతే తక్కువ ధరే ఎక్కువ ఖర్చు అవుతుంది.

బెంచీ విరిగితే పిల్లవాడు నేల మీద కూర్చుంటాడు. మందు విషయంలో తప్పు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మందుల కొనుగోలునే ఉదాహరణగా తీసుకుందాము. దీనికి దూరం పోనక్కరలేదు. తమిళనాడులో 1994లో 'తమిళనాడు వైద్య సేవల సంస్థ' అని ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 1995 జనవరి నుంచి ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొని ఇచ్చే పని మొదలుపెట్టింది. ఆ తరువాత కేరళ, రాజస్థాన్ వంటి రాష్ట్రాలు ఈ పద్ధతిని చూసి ఇటువంటి సంస్థలు పెట్టుకున్నాయి. ఇందులో పని ఎలా నడుస్తుందో చూస్తే మన ఉద్యోగి ఏమి చేస్తాడో తెలుస్తుంది.

మొదటి పని, జాబితా. అంగడిలో ఒకే మందు పది కంపెనీల పేర్లతో ఉంటుంది. ప్రభుత్వం కంపెనీ పేరుతో కొనదు, మందు అసలు పేరుతో కొంటుంది. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎటువంటి అట్టలో రావాలి అన్నది ముందే రాస్తారు. అట్ట మీద ప్రభుత్వ ముద్ర ఉండాలనీ, అమ్మకానికి కాదని అచ్చు వేయాలనీ కూడా రాస్తారు. దొంగతనంగా అంగడికి చేరితే పట్టుబడాలని ఈ ఏర్పాటు. మేము బెంచీల విషయంలో చేయని పని ఇదే.

రెండో పని, లెక్క. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ఒక గిడ్డంగి నుంచి నెలకు 10,000 జ్వరం మాత్రలు పోతున్నాయి అనుకోండి. ఆర్డరు వేసిన తరువాత సరుకు రావడానికి 2 నెలలు పడుతుంది అనుకోండి. ఈనాడు గిడ్డంగిలో 15,000 మాత్రలు ఉన్నాయి. చూసేవాడికి కావలసినంత సరుకు ఉన్నట్టే ఉంటుంది. కాని ఆ మాత్రలు 45 రోజులకే సరిపోతాయి. ఈనాడే ఆర్డరు వేసినా సరుకు 60 రోజులకు వస్తుంది. మధ్యలో 15 రోజులు కిటికీ దగ్గర "లేదు" అనే మాటే. అంటే 20,000 మాత్రలు మిగిలి ఉన్న రోజునే ఆర్డరు వేసి ఉండాలి. వానకాలంలో జ్వరాలు ఎక్కువ కాబట్టి ఇంకా ముందే వేయాలి. అట్లాగని ఎక్కువ కొన్నా ప్రమాదమే. గడువు తీరిన మందు వాడటానికి పనికిరాదు, దానికి పెట్టిన సొమ్ము కూడా దానితోనే పోతుంది.

మూడో పని, టెండరు. ఇక్కడ రెండు కవర్ల పద్ధతి ఉంది. మొదటి కవరులో కంపెనీ యోగ్యత ఉంటుంది. మందు తయారుచేసే లైసెన్సు ఉన్నదా, తయారీ పద్ధతులు మంచివని ధ్రువపత్రం ఉన్నదా, ఇంత సరుకు ఇవ్వగల శక్తి ఉన్నదా అని చూస్తారు. రెండో కవరులో ధర ఉంటుంది. మొదటి కవరులో నెగ్గినవారి ధర కవరు మాత్రమే విప్పుతారు. ఇందులో మంచి తెలివి ఉన్నది. ధర ముందు చూసిన కన్ను నాణ్యతను సరిగా చూడదు. పెళ్ళికి చీర కొనేటప్పుడు ధర చీటీ ముందు చూస్తే నేత చూడబుద్ధి కాదు గదా!

నాలుగో పని, సరుకు వచ్చిన తరువాత పరీక్ష. గిడ్డంగికి చేరిన మందులో నుంచి నమూనాలు తీస్తారు. వాటి మీద కంపెనీ పేరు కనపడకుండా గుర్తు సంఖ్య వేసి ప్రయోగశాలకు పంపుతారు. పరీక్ష చేసేవారికి అది ఎవరి సరుకో తెలియదు. మన పబ్లిక్ పరీక్షల జవాబు పత్రాలు దిద్దే పద్ధతి కూడా ఇదే. పేరు కనపడకపోతే పక్షపాతానికి చోటు ఉండదు. పరీక్షలో తప్పిన సరుకు ఆసుపత్రికి పోకూడదు. మళ్ళీ మళ్ళీ తప్పే కంపెనీని కొంతకాలం టెండరుకు రానివ్వరు.

ఐదో పని, పంపకం. ఒక్కొక్క ఆసుపత్రికి ఒక పాసు పుస్తకం ఉంటుంది. బ్యాంకు పుస్తకం వంటిదే. సంవత్సరానికి ఇంత విలువగల మందులు తీసుకోవచ్చు అని అందులో ఉంటుంది. ఆసుపత్రి తనకు కావలసిన మందు జిల్లా గిడ్డంగి నుంచి తీసుకుంటుంది, ఆ విలువ పుస్తకంలో తగ్గుతుంది. అక్కరలేని మందు అంటగట్టడం, కావలసింది ఇవ్వకపోవడం దీనివల్ల తగ్గుతాయి.

ఈ ఐదు పనులలోనూ మన ఉద్యోగి ఉంటాడు. ఆయన సంతకంతో డబ్బు కదలదు. సంతకం పై అధికారిది. ఈయన పని చూడటం, లెక్క వేయడం, అడగడం, రాసిపెట్టడం. మూడు అంగళ్ళ నుంచి మూడు ధరల కాగితాలు వచ్చాయి, మూడూ ఒకే చేతిరాతలో ఉన్నాయి అనుకోండి. అది కనిపెట్టి ఫైలులో ఒక్క వాక్యం రాయాలి. పోయిన సంవత్సరం కంటే ధర ఎందుకు పెరిగింది అని అడగాలి. ఒకే కంపెనీ ప్రతిసారీ ఎందుకు నెగ్గుతోంది అని అడగాలి. అడిగినందుకు కొందరికి కోపం వస్తుంది. పని ఆలస్యం చేస్తున్నాడని మాట పడవలసి వస్తుంది. ఆ మాట పడటానికి కూడా ధైర్యం కావాలి. అట్లాగే ఊరికే ఫైలు తొక్కిపెట్టడం జాగ్రత్త అనుకోకూడదు. పైన చెప్పిన ఆ 15 రోజులు అటువంటి ఆలస్యం వల్ల కూడా వస్తాయి.

ఈ పనికి చట్టం అండ ఉంది. తమిళనాడులో 1998లోనూ, కర్ణాటకలో 1999లోనూ టెండర్లు బహిరంగంగా జరగాలని శాసనసభలు చట్టాలు చేశాయి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు ఉన్నాయి. 2016 నుంచి 'జెమ్' అనే కంప్యూటరు సంత కూడా నడుస్తోంది. అందులో అమ్మేవారూ, కొనే ప్రభుత్వ కార్యాలయాలూ కలుసుకుంటారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం వల్ల కొనుగోలు కాగితాలు చూపమని అడిగే హక్కు మనకూ వచ్చింది.

మన పిల్లలలో లెక్కలు ఇష్టమైనవారు, నిదానం గలవారు, కాగితం రెండుసార్లు చదివే అలవాటు ఉన్నవారు ఈ పనికి పనికివస్తారు. కామర్సు, ఫార్మసీ, ఇంజనీరింగు, ఏ చదువైనా దీనికి దారి ఉంది. సర్వీసు కమిషను పరీక్షల ద్వారా లెక్కల శాఖలకూ, సచివాలయానికీ వెళ్ళినవారికి ఈ ఫైళ్ళు ఎప్పుడో ఒకప్పుడు చేతికి వస్తాయి. అప్పుడు మా బెంచీల కథ గుర్తు పెట్టుకుంటే చాలు.

ఆ కథలో ఇంకొక ముక్క మిగిలిపోయింది. మా ఊళ్ళోనే మంచి పనివాడు ఒక వడ్రంగి ఉన్నాడు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం మాట్లాడతాడు. చదవడం మాత్రం ఏ భాషలోనూ బాగా రాదు. బెంచీలు విరిగిన తరువాత ఆయన నన్ను దారిలో చూసి, "అయ్యవారూ, ఆ కాగితం నాకెవరైనా చదివి చెప్పి ఉంటే నేనూ ధర వేసేవాణ్ణి గదా" అన్నాడు. నాకు సిగ్గు వేసింది. మా నోటీసు గోడ మీద వారం రోజులు ఉంది. అందరికీ తెలియజేశామని మేము అనుకున్నాము. కాని చదవలేనివాడికి గోడ మీది కాగితం మూసిన తలుపు వంటిదే. ధర వేసేవారు తగ్గితే పోటీ తగ్గుతుంది, పోటీ తగ్గితే నష్టం మన బడికే, మన ఆసుపత్రికే.

సరిహద్దు ఊళ్ళలో మనకు రెండు మూడు భాషలు వస్తాయి. అది గొప్పకు కాదు, ఉపయోగానికి. ఇప్పుడు పంచాయతీ గోడ మీద ఏ టెండరు నోటీసు కనిపించినా నేను దాన్ని నా తొమ్మిదో తరగతి పిల్లల చేత రాయించి, తెలుగులో చెప్పించి, ఇంటికి పంపుతున్నాను. పిల్లలకు పాఠమూ అవుతుంది, ఊరికి కబురూ చేరుతుంది. మీ ఊళ్ళో చదువుకున్నవారు కూడా ఈ చిన్న పని చేసి చూడండి.