అక్కాదు రాజు సార్గోను: కీర్తియు సాక్ష్యమును

ప్రసిద్ధులైన ప్రాచీన రాజుల విషయమున రెండు ప్రశ్నలను వేరుచేసి చూడవలసి యుండును. ఆ రాజు చేసిన దేమి? తరువాతివా రాతనికి ఆరోపించిన దేమి? మెసొపొటేమియాలో అక్కాదు రాజ్యమును స్థాపించిన సార్గోను చరిత్రము ఈ వివేచనమునకు తగిన యుదాహరణము. ఇతడు క్రీ. పూ. 24వ శతాబ్ది యుత్తరార్ధమున రాజ్యమునకు వచ్చెనని పలువురి మతము. 'షర్రు-కేన్' అను ఈతని అక్కాదీ నామమునకు 'రాజు న్యాయసమ్మతుడు' అని యర్థము చెప్పుదురు. వంశక్రమమున సింహాసన మెక్కినవా డిట్టి పేరు పూనుట యరుదని కొందరి యూహ.

ఈతనిగూర్చిన సాక్ష్యములు ఒక్క కాలమునకు జెందినవి కావు. నిప్పూరులోని ఎన్లిల్ దేవాలయమున నుండిన విగ్రహముల మీది శాసనములను కొన్ని శతాబ్దుల పిదప బాబిలోనియా లేఖకులు మట్టిపలకలపై నెత్తి వ్రాసికొనిరి. ఉరుక్ రాజైన లుగల్‌జగేసిని జయించి బంధించుట, మెలూహ, మాగన్, దిల్మున్ దేశముల నావలను అక్కాదు రేవున నిలుపుట వీనివలన దెలియుచున్నవి. మెలూహ సింధులోయ ప్రాంతమని పెక్కుమంది పండితులు తలచుచున్నారు.

జన్మకథ మాత్రము వేఱు. ఉన్నతపదవిలోని పూజారిణి రహస్యముగా గని, రెల్లుబుట్టలో నుంచి, కీలుతో మూత బిగించి, నదిలో విడిచెననియు, అక్కి యను నీరుతోడువాడు పెంచెననియు, ఇష్తారు దేవి యనుగ్రహమున రాజయ్యెననియు అందున్నది. దీని ప్రతులు క్రీ. పూ. మొదటి సహస్రాబ్దివి, అనగా రాజునకు వేయిన్నర యేండ్లకు పైగా అర్వాచీనములు.

ఈ కథను జదివిన భారతీయునకు కర్ణుడు స్ఫురింపక మానడు. ఇంతమాత్రమున ఒకటి రెండవదానికి మూల మనరాదు. నదిలో విడిచిన శిశు వను అంశ మొక్కటియే. దాని ప్రయోజనము పరస్పరవిరుద్ధము. సార్గోను కథలో అజ్ఞాతజన్మము దైవము వరించినవా డనుటకు చిహ్నము. కర్ణుని విషయమున అదియే సూతపుత్రు డను జీవితాంతపు నిందకు హేతువు. కథాంశముల పోలికకంటె, వాని వినియోగభేదమే తులనాత్మక పరిశీలనమున ముఖ్యము.

కీర్తి వ్యాప్తి యాశ్చర్యకరము. సార్గోను దండయాత్రను వర్ణించు 'యుద్ధరాజు' కథ క్రీ. పూ. 14వ శతాబ్దిలో ఈజిప్టునందలి అమర్నాకు జేరినది. హిత్తీయుల రాజధాని హట్టూసాలోను దాని రూపాంతరము దొరకినది. క్రీ. పూ. 721లో అస్సీరియా నేలిక యైన రాజు ఈ పేరే వహించెను. మన దేశమున విక్రమాదిత్య నామమును గుప్తులును చాళుక్యులును ధరించుట యిట్టిదే. క్రీ. పూ. 6వ శతాబ్దిలో బాబిలోను రాజు నబొనిడస్ సిప్పారులో బయల్పడిన సార్గోను విగ్రహమును బాగుచేయించి నైవేద్యము లేర్పఱచెను.

సార్గోను రాజధాని యెచ్చట నుండెనో నేటికిని నిర్ధారితము కాలేదు. నగర మదృశ్యమైనను పేరు నిలుచుటకు లేఖకపాఠశాలలే కారణము. అభ్యాసమునకై వారు వ్రాసిన పలకలే కోటలకంటె చిరస్థాయు లైనవి. అక్కాదు కాలపు ముద్రికపై 'మెలూహ భాషకు దుబాసి' యని ఒకని వృత్తి చెక్కబడి యున్నది. భాషాపరిశోధకునకు జన్మకథ యంతటికంటె ఆ యొక్క పంక్తి విలువైనది. ఏలయన, అది కీర్తికొఱకు వ్రాసినది కాదు.